సాల్మన్ నది లోయలో ఎలుగు కోసం

ఇంటికొచ్చి మూడు రోజులైంది. బూట్ల మడమల్లోంచి ఇంకా మట్టి రాలుతోంది. ఎడమ మోచేతి మీద పాయిజన్ ఐవీ అనే దురద మొక్క అంటిన దద్దుర్లు తగ్గలేదు. అవి మానేలోపే రాసేద్దామని కూర్చున్నాను.

ముందొక మాట చెప్పాలి. నాకు ఎలుగుబంటి అంటే మా చిన్నాన్న మొహం. మాది పలాస దగ్గర ఉద్దానంలో ఒక పల్లె. జీడిపళ్ళు రాలే రోజుల్లో తెల్లారగట్ల తోటకెళ్ళిన మనిషికి చెట్టు కింద ఎలుగు ఎదురైంది. ఎడమ చెంప, చెవి సగం, పై పెదవి పోయాయి. డాక్టర్లు కుట్టి నిలబెట్టారు. ఇప్పటికీ చిన్నాన్న ఫోటోకు కుడిపక్కే తిరుగుతాడు. ఆ ఎలుగుల జోలికి ఎవరూ వెళ్ళకూడదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో వాటికి గట్టి రక్షణ ఉంది, ఉండాలి కూడా. వాటి అడవిని తోటలుగా మార్చింది మనమే కదా.

నేనుంటున్న అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో సంగతి వేరు. ఇక్కడ నల్ల ఎలుగులు బాగానే ఉన్నాయి, వసంతంలో వేటకు సీజనుంది. ఈ రాష్ట్రంలో ఉండేవాళ్ళకు లైసెన్సు, ట్యాగు (ఒక ఎలుగును కొట్టడానికిచ్చే చీటీ) రెండూ కలిపి నలభై డాలర్లు కూడా కాదు. 1975లో గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేట శిక్షణ పాసైతేనే లైసెన్సు ఇస్తారు. నేను పన్నెండేళ్ళ పిల్లల మధ్య కూర్చుని ఆ క్లాసు పాసయ్యాను. తుపాకీ పట్టుకుని కంచె ఎలా దాటాలో చూపించమంటే నాకంటే వాళ్ళే బాగా చూపించారు.

ఎర పెట్టి కాపు కాయడం, కుక్కల్ని వదలడం ఈ రాష్ట్రంలో చాలాచోట్ల చట్టబద్ధమే. మేం వెళ్ళింది ఆ రెంటికీ కాదు. ఎదుటి కొండను గంటల తరబడి బైనాక్యులర్‌తో వెతకాలి. జంతువు కనబడితే గాలి చూసుకుని, కాలినడకన దాని దగ్గరికి చేరాలి. మొత్తం నలుగురం. మా పక్కింటాయన, డెబ్బై ఒక్కేళ్ళ ఆయన మామగారు, నేను, సియాటిల్ నుంచి వచ్చిన మా బావమరిది. మామగారిని అందరూ పెద్దాయన అనే అంటారు, నేనూ అదే అంటాను. బావమరిది ఫోటోలు తీయడానికి వచ్చాడు. వెళ్ళేముందు మా ఆవిడ వాడికి చెప్పింది: "మీ బావని చూసుకో. మీ బావ ఎలుగుని చూసుకుంటాడు."

మే 16, గురువారం. రిగ్గిన్స్

లిటిల్ సాల్మన్ వచ్చి సాల్మన్ నదిలో కలిసే చోట, రెండు కొండల మధ్య ఇరుక్కుని ఉంటుంది ఈ ఊరు. ఒకటే వీధి, అదే హైవే. జనం ఓ నాలుగు వందలు ఉంటారేమో. వీధికి రెండువైపులా తెప్పల కంపెనీలు, చేపల గాలాల దుకాణాలు. చినూక్ సాల్మన్ చేపలు నదికి ఎదురెక్కి వచ్చే కాలం కావడంతో మోటెల్లో గదులు కష్టం మీద దొరికాయి. రెండు గదులకు 236 డాలర్లు. ఆ గదికి అంత ఎందుకో నాకైతే అర్థం కాలేదు. సబ్బు ముక్క తిరుపతి సత్రంలో ఇచ్చేదానికంటే చిన్నది.

రాత్రి భోజనానికి వెళ్తే, వడ్డించే ఆవిడ మా బూట్లు చూసి "ఎలుగా, చేపా?" అని అడిగింది. ఎలుగు అన్నాం. ఎక్కడికి వెళ్తున్నారని మాత్రం అడగలేదు. ఇక్కడి మర్యాద అది. ఏ వాగు, ఏ గట్టు అని ఎవరూ ఎవరినీ అడగరు, అడిగినా నిజం చెప్పరు. ఈ కథలో కూడా వాగు పేరు రాయనని పెద్దాయనకు మాటిచ్చాను. నదికి తూర్పుగా వెళ్ళే మట్టిరోడ్డు మీద, రిగ్గిన్స్‌కు గంటలోపు దూరం. అంతవరకే.

హకిల్‌బెర్రీ అనే అడవిపండుతో చేసిన తీపి 'పై' ఒక ముక్క ఎనిమిది డాలర్లు. మన నేరేడుపండుకు కాస్త పులుపు కలిపితే ఆ రుచి. బావమరిది రెండు ముక్కలు తిన్నాడు.

మే 17, శుక్రవారం. మొదటి వాగు

రోజు తప్పుతోనే మొదలైంది. ఐడహోను రెండు టైమ్ జోన్లుగా విడదీసే గీత ఇక్కడ సాల్మన్ నదే. ఊరికి ఉత్తరాన వంతెన దాటితే గడియారం గంట వెనక్కి పోతుంది. రాత్రి నా ఫోన్ తనంతట తానే నది దాటేసింది. నాలుగున్నరకు పెట్టిన అలారం అయిదున్నరకు మోగింది. బయటికొస్తే పెద్దాయన ట్రక్కులో ఇంజన్ ఆపుకుని, కాఫీ ఫ్లాస్కు తొడ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఏమీ అనలేదు. తన చేతి గడియారం ఒకసారి నాకు చూపించాడు. కీ ఇచ్చి తిప్పుకునే పాతకాలం వాచీ అది.

ఈ లోయ ఎంత నిలువుగా ఉంటుందో ఫోటోలో తెలీదు. 1805 ఆగస్టులో విలియం క్లార్క్ అనే అన్వేషకుడు ఈ నది వెంట పడమరకు దారి దొరుకుతుందేమోనని పైనుంచి కొంతదూరం వచ్చి చూసి, లాభం లేదని వెనక్కి మళ్ళాడు. మేం ఉదయం ఏడుకల్లా ఒక మొనగట్టు మీదికి ఎక్కేసరికి నా మోకాళ్ళు క్లార్క్‌తో ఏకీభవించాయి. పడమటి శిఖరాల వెనక హెల్స్ కాన్యన్ అనే లోయ, గ్రాండ్ కాన్యన్ కంటే లోతైనది. ఆ మధ్యలో మంచు కప్పుకున్న వరసను సెవెన్ డెవిల్స్ అంటారు. పిల్లల్ని తినే ఏడుగురు రాక్షసుల్ని కయోటీ (నక్కలాంటి జంతువు) ఉపాయంతో పట్టి కొండలుగా మార్చేసిందని ఇక్కడి ఆదివాసులు నెజ్ పర్స్ వాళ్ళ కథ. పెద్దాయన ఆ కథ చెబుతుంటే మా బావమరిది "మనకి ఏడుకొండలు, వీళ్ళకి ఏడు దయ్యాలు" అన్నాడు. అనువాదం చేయమని పెద్దాయన పట్టుబట్టాడు. చేశాక ఆయన నవ్వలేదు, ఏడుకొండల గురించి అరగంట అడిగాడు.

ఇక చూడ్డమే పని. బైనాక్యులర్‌ను ట్రైపాడ్‌కు బిగించి, ఎదుటి కొండను పొలం దున్నినట్టు చాలు తర్వాత చాలు వెతకాలి. వసంతంలో గుహల్లోంచి బయటికొచ్చిన ఎలుగులు చేసేది ఒకటే, గడ్డి మేయడం. ఎండ తగిలే వాలుల మీద లేత పచ్చిక, మధ్యమధ్య పసుపు పూల గుబుర్లు. అక్కడే వెతకాలి. మొదటి మూడు గంటల్లో నేను పట్టుకున్న ఎలుగులు: కాలిన మొద్దులు ఆరు, నల్లరాళ్ళు తొమ్మిది, ఒక ఆవు.

కింద రాళ్ళలోంచి "చక్ చక్ చకర్" అని ఒకటే అరుపు. చూకర్ పక్షి. గత శతాబ్దంలో వేట కోసం ఆసియా నుంచి తెచ్చి ఇక్కడ వదిలారట. మన కవులు వెన్నెల తాగించిన చకోరం ఇదే. ఇక్కడ ఇది గడ్డిగింజలు తిని, వేటగాళ్ళను కొండలెక్కించి ఏడిపిస్తుంది. సంతోషంగానే ఉంది.

పదకొండుకు పక్కింటాయన వేలు చూపించాడు. తల్లి ఎలుగు, వెనక రెండు పిల్లలు. పిల్లలున్న తల్లిని కొట్టడం నేరం. కొట్టొచ్చన్నా మాలో ఎవరూ తుపాకీ ఎత్తేవాళ్ళు కాదు. గంటసేపు చూశాం. తల్లి గేదెలాగా తలొంచి, పక్కకు గుంజి గుంజి గడ్డి కొరుకుతోంది. ఒక పిల్ల పైకెక్కడం, జారిపడటం, మళ్ళీ ఎక్కడం. నలభై రెండేళ్ళ నా జీవితంలో ఎలుగును భయం లేకుండా చూడటం అదే మొదలు. చిన్నాన్నకు ఆ గంట దొరకలేదు.

మధ్యాహ్నం డబ్బా విప్పాం. మా ఆవిడ కట్టిన చింతపండు పులిహోర, పలాస జీడిపప్పు దండిగా వేసింది. పెద్దాయన తన ఎండు దుప్పి మాంసం ముక్కను పులిహోరలో నంజుకుని తిన్నాడు. చూడ్డానికి అపచారంగా ఉంది కానీ, నేనూ తిని చూశాను, బాగుంది. ఎండుమిరపకాయను కూరముక్క అనుకుని నమిలేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగినా ఆపలేదు.

సాయంత్రం ఏడుకు దొరికింది. ఒంటరి మగ ఎలుగు, కాటుక నలుపు, వాగు అవతల తొమ్మిది వందల గజాల్లో. ఇక్కడే నేను చెడగొట్టాను. లోయలో గాలికి ఒక పద్ధతి ఉంది. ఎండ ఉన్నంతసేపు నేల వేడెక్కి గాలి పైకి పాకుతుంది. నీడ పడగానే చల్లబడి కిందికి జారుతుంది. "పొద్దు వాలింది, కిందినుంచి వెళ్ళండి, లేదా రేపు చూద్దాం" అన్నాడు పెద్దాయన. కిందినుంచంటే వాగులో దిగి ముళ్ళపొదల్లోంచి ఎక్కాలి. పైనుంచి ఎల్క్‌లు, అంటే ఇక్కడి పెద్ద దుప్పులు, నడిచిన చక్కటి బాట ఉంది. త్వరగా పోవచ్చని పైనుంచే పోదామన్నాను. పక్కింటాయన మొహమాటానికి సరేనన్నాడు.

రెండు వందల అరవై గజాలకు చేరాం. అప్పుడే వాలు మీదికి నీడ పాకింది. నా మెడ వెనక చల్లగా తగిలింది. చెమట మీద ఎవరో ఊదినట్టు. అంతే, ఆ గాలి నన్ను దాటుకుని కిందికి వెళ్ళి దానికి నా సంగతంతా చెప్పేసింది. ఎలుగు తల పైకెత్తి ముక్కు అటూ ఇటూ తిప్పింది. పరుగు కూడా కాదు, ఒక్క దొర్లు దొర్లినట్టు పొదల్లోకి పోయింది.

తిరిగొచ్చాక పెద్దాయన ఏమంటాడోనని టెన్షన్ పడ్డాను. "కాఫీ ఉంది" అన్నాడు.

ఆ రాత్రి నది ఒడ్డున ఇసుకలో టెంట్లు వేసుకున్నాం. పడుకునేముందు ఒకరి మెడ ఒకరు చూసుకుని పిడుదుల్ని తీసుకోవడం ఇక్కడి సంధ్యావందనం. నాకు నాలుగు, బావమరిదికి పదకొండు.

మే 18, శనివారం. రెండో వాగు

పొద్దున దారి తప్పాం. పెద్దాయన చెప్పిన చీలిక వదిలి దాని ముందున్న వాగులోకి ఎక్కేశాం. తప్పు తెలిసేసరికి వెయ్యడుగులు పైకొచ్చాం. నాకు ఐవీ అంటింది అక్కడే. "ఆకులు మూడైతే అంటుకోకు" అని క్లాసులో ఆ పిల్లలు పాటలాగా చెప్పారు, అయినా జారినప్పుడు ఏది దొరికితే అది పట్టుకుంటాం కదా. ఆ తప్పుదారిలోనే పాత కార్చిచ్చు మచ్చ పక్కన మోరెల్ పుట్టగొడుగులు దొరికాయి, తేనెపట్టు ముక్కల్లాగా. టోపీ నిండా. మధ్యాహ్నం వెన్నలో వేయించి ఉప్పు చల్లుకున్నాం. శనివారం కాబట్టి మా బావమరిది మాంసం ముట్టడు, వెంకన్న మొక్కు. పుట్టగొడుగు శాకాహారమా కాదా అని కాసేపు మథనపడి, తినేశాడు.

సాయంత్రం ఆరూ నలభైకి దాన్ని చూసింది నేనే. ఇది మాత్రం గొప్పగా చెప్పుకుంటాను. ఎదుటి వాలులో పసుపు పూల మధ్య ఎర్రమట్టి పుట్ట ఒకటి కనిపించింది. మన చెదపుట్ట లాంటిది. దాటి రెండు చాళ్ళు ముందుకెళ్ళాక గుర్తొచ్చింది, ఈ దేశంలో అలాంటి పుట్టలు లేవని. వెనక్కి తిప్పితే పుట్ట తల దించి గడ్డి కొరుకుతోంది. దాల్చినచెక్క రంగు ఎలుగు. పేరుకే నల్ల ఎలుగులు, ఇక్కడ గోధుమరంగువీ, ఎర్రవీ చాలానే.

పెద్దాయన స్కోప్‌లో చూసి తల పెద్దది, చెవులు చిన్నవిగా పక్కలకు ఉన్నాయి, మగది అన్నాడు. అయినా ఇరవై అయిదు నిమిషాలు కదలనివ్వలేదు. పిల్లలేమైనా వెనకున్నాయేమో చూడాలి. ఆ తర్వాతే "ఇప్పుడు దిగండి. కానీ ఎక్కొద్దు, నీడ పడేదాకా వాగులోనే కూర్చోండి" అన్నాడు.

దిగాం. వాగులో, మంచు కరిగిన నీళ్ళలో పాదాలు పెట్టి కూర్చున్నాం. ఆ కూర్చున్న యాభై నిమిషాలు నాకు మొత్తం యాత్రలోకెల్లా కష్టమైన భాగం. పైన అది మేస్తోందో వెళ్ళిపోయిందో తెలీదు. పెద్దాయన అవతల గట్టు మీద టోపీ పెట్టుకుని ఉంటే అది అక్కడే ఉన్నట్టు, తీసేస్తే పోయినట్టు. టోపీ తలమీదే ఉంది. పక్కింటాయన రెండు నిమిషాలకోసారి చిన్న సీసా నొక్కి పౌడరు వదులుతున్నాడు. పొగలాగా పైకి పోయింది. పైకి. పైకి. ఒక్కసారి గాలిలో ఆగిపోయింది. తర్వాతది మా మోకాళ్ళ మీదుగా కిందికి జారింది. ఆయన నా భుజం తట్టాడు.

బూట్ల అంచు గుచ్చి, చేతులు నేలమీద ఆన్చి ఎక్కాం. గాలి మొహానికి కొడుతోంది. ఎలుగు వాసన దానికంటే ముందే నాకు తగిలింది, తడిసిన గోనెసంచి వాసన. నూట తొంభై గజాలు. సంచి మీద తుపాకీ పెట్టి బోర్లా పడుకున్నాను. నా గుండె చప్పుడుకు స్కోపులో ఎలుగు ఎగురుతోంది. "తొందరేం లేదు" అని పక్కింటాయన చిన్నగా అన్నాడు. ఎలుగు పక్కకు తిరిగి, ముందుకాలు ముందుకు వేసింది. ఊపిరి సగం వదిలి నొక్కాను.

నలభై గజాలు కిందికి దొర్లి పొదలో పడింది. కాసేపటికి ఒక మూలుగు. పొడుగ్గా, లోపల్నుంచి. దాని గురించి ఇక్కడివాళ్ళు ముందే చెప్తారు, ఎలుగు పోయేటప్పుడు అలా అంటుందని. చెప్పడం వేరు. నేను లేచి నిలబడబోతే పక్కింటాయన చొక్కా పట్టి కూర్చోబెట్టాడు. అరగంట. మాట్లాడలేదు.

దగ్గరికెళ్ళాక మొదట చూసింది పళ్ళు. కోరలు కాదు, వెనక దవడపళ్ళు. పచ్చగా ఉన్నాయి, గడ్డి రసంతో. పెదవి అంచున ఒక పసుపు పూరేకు అతుక్కుని ఉంది. తీసి పడేయబోయి తీయలేదు. మా బావమరిది కెమెరా మెడలోనే ఉంచుకుని దణ్ణం పెట్టాడు.

ట్యాగు గీత కోసి ఎలుగుకు కట్టాం. తర్వాత పని. తోలు వెంటనే ఒలవకపోతే వేడికి బొచ్చు ఊడుతుంది. తల లైట్ల వెలుగులో ఒలిచాం. పెద్దాయన ఆ వయసులో వాగు దాటి ఎక్కొచ్చాడు. కత్తి తిప్పేది ఆయనే, కాళ్ళు పట్టుకునేది మేం. తోలు తీసిన ఎలుగు మనిషిలాగా ఉంటుందని విన్నాను. ఉంటుంది. భుజాలు, పొట్ట, కాళ్ళు. కాసేపు ఆకాశం చూశాను. మగదని తెలిసే ఆనవాలు తోలుకే అంటిపెట్టి ఉంచాలి, అది నిబంధన. ఎలుగు మాంసం మోసుకురావాలని మాత్రం ఐడహో చట్టం పట్టుబట్టదు. పెద్దాయన చట్టం పట్టుబడుతుంది. "వదిలేసి వచ్చేవాడు నా ట్రక్కు ఎక్కడు" అన్నాడు. శనివారం మాంసం తినని మా బావమరిది ఇరవై కిలోలు వీపున మోశాడు. టెంట్ చేరేసరికి ఒంటిగంటన్నర.

మే 19, ఆదివారం

పొద్దున్నే మొదటి దుకాణంలో ఐసు పద్ధెనిమిది డాలర్లకు కొని పెట్టెలు నింపాం. పెట్రోలు బంకులో ఒక ముసలావిడ వచ్చి పెట్టె మూత తీయించుకుని చూసి, "కొవ్వు పారేయకు, వసంతంలో తక్కువే ఉంటుంది, ఉన్నది కరిగించి దాచుకో" అని ఎలా కరిగించాలో వివరంగా చెప్పింది. ఆమె కూడా ఎక్కడ కొట్టారని అడగలేదు.

మొత్తం ఖర్చు నా వాటాకు మోటెల్, పెట్రోలు, తిండి, ఐసు కలిపి 212 డాలర్లు. ఇంట్లో చెప్పిన లెక్కలో హకిల్‌బెర్రీ 'పై' ముక్కలు లేవు.

ఇంట్లో

పది రోజుల్లోగా తోలు, పుర్రె తీసుకెళ్ళి రాష్ట్ర వేట శాఖ ఫిష్ అండ్ గేమ్ వాళ్ళకు చూపించాలి. సోమవారమే వెళ్ళాను. అక్కడి అమ్మాయి కోర వెనకున్న చిన్న పన్ను పీకి కవర్లో వేసుకుంది. చెట్టు వలయాల్లాగా ఆ పన్ను కోసి వయసు లెక్కపెడతారట. ఫలితానికి నెలలు పడుతుంది.

మాంసం ఇగురు పెట్టాం. పంది మాంసం లాగా ఎలుగు మాంసంలోనూ ట్రైకినెల్లా పురుగుండొచ్చు, ఫ్రీజర్‌లో పెట్టినా చావకపోవచ్చు. వండేటప్పుడు లోపల 71 డిగ్రీల సెల్సియస్ దాటాలి. మా ఆవిడ థర్మామీటర్‌ను నమ్మలేదు, కుక్కర్‌లో ఎనిమిది విజిల్స్ పెట్టింది. ధనియాలు, లవంగాలు, ఉల్లిపాయ బాగా ఎర్రగా వేయించి. గడ్డి మేసిన మాంసం కదా, నీచు లేదు. మేక మాంసానికీ గొడ్డు మాంసానికీ మధ్యలో ఎక్కడో ఉంది రుచి. పక్కింటికి ఒక గిన్నె పంపితే గిన్నె కడిగి, బంగాళాదుంపలు నింపి పంపారు. సోమవారం కాబట్టి బావమరిది మూడుసార్లు వడ్డించుకున్నాడు.

రాత్రి చిన్నాన్నకు వీడియో కాల్ చేశాను. చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. చెప్పాను. పక్కన అమ్మ "జాంబవంతుడి జాతిరా అది" అని గొణిగింది. చిన్నాన్న మాత్రం తోలు చూపించమన్నాడు. గ్యారేజీలోకెళ్ళి ఫ్రీజర్ తెరిచి చూపించాను. "గోళ్ళు" అన్నాడు. ముందుకాలి పంజా ఎత్తి కెమెరా దగ్గర పెట్టాను. ఫోను మొహానికి బాగా దగ్గరగా తెచ్చుకున్నాడు. తెర నిండా ఆ ఎడమ చెంపే. చాలాసేపు చూశాడు.

"మనవాటివి ఇంకా పొడుగురా" అన్నాడు. తర్వాత, ఈ ఏడు జీడిపిక్కల ధర అన్యాయంగా ఉందని మొదలుపెట్టాడు.